బ్యాలెన్స్ షీటులో దొంగ లెక్కలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కంపెనీల ఆర్థిక నివేదికల్లో జరిగే మోసాల గురించి ప్రశ్నలు పంపమని గత సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ గోదావరి జిల్లాలవే. రొయ్య, మేత, ధాన్యం చుట్టూనే తిరిగాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. పేర్లు అడగలేదు, వేయడం లేదు.

ప్రశ్న: ఏ కంపెనీలో లెక్కలు మార్చే ప్రమాదం ఎక్కువో బయటివాళ్లం ముందే పసిగట్టగలమా? యజమాని మంచివాడని ఊరంతా చెప్పుకుంటే సరిపోదా? (రావులపాలెం)

సరిపోదు. లెక్కలు మార్చి దొరికిపోయినవాళ్లలో చాలామందికి అంతకుముందు ఊళ్లో మంచి పేరే ఉంటుంది. డొనాల్డ్ క్రెస్సీ అనే అమెరికన్ నేరశాస్త్రవేత్త 1950ల ప్రాంతంలో, నమ్మి అప్పగించిన సొమ్ము తినేసి జైలుకెళ్లినవాళ్లను అధ్యయనం చేశాడు. ఆయన చూసింది మూడు సంగతులు: బయటికి చెప్పుకోలేని ఇబ్బంది, దొరకకుండా చేసే వీలు, తనకు తాను చెప్పుకునే సమాధానం. ఒత్తిడి, సందు, సాకు అనుకోండి. మన ఆడిటర్లు పాటించే ప్రమాణం ఎస్ఏ 240 కూడా ప్రమాద సూచికలను ఈ మూడు పద్దుల కిందే ఇస్తుంది.

ఒత్తిడి చాలావరకు బయటికి కనిపిస్తుంది. బ్యాంకు లిమిట్ రెన్యువల్ దగ్గరపడటం, ప్రమోటరు షేర్లు తాకట్టులో ఉండటం, యజమాని సొంత ఇల్లు హామీగా రాసివ్వడం, పబ్లిక్ ఇష్యూకు వెళ్లాలనుకోవడం, మేనేజరు బోనస్ లాభంతో ముడిపడి ఉండటం ఈ పద్దులోవే. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రొయ్యల ఎగుమతిదారులందరి మీదా ఒకేసారి ఒత్తిడి పడింది. అందరూ లెక్కలు మార్చారని కాదు. అలాంటి ఏడాది లెక్కలను మామూలు ఏడాది కన్నా ఒళ్లు దగ్గర పెట్టుకుని చదవాలి. చుట్టుపక్కల ప్లాంట్లన్నీ నష్టపోయిన ఏడాది ఒక్క ప్లాంటుకు మాత్రం లాభం పెరిగితే కారణం అడగాల్సిందే.

సాకు మనిషి మనసులో ఉంటుంది, బయట దొరకదు. దొరికినప్పుడు మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: "నా జేబులో వేసుకోలేదు కదా, వచ్చే పంటకు సర్దేద్దాం."

అసలు చూడాల్సింది సందు. మన వ్యాపారాల్లో అది సహజంగానే పెద్దది. వందల మంది రైతుల దగ్గర, ఏజెంట్ల దగ్గర కొనుగోలు జరుగుతుంది. పది వేలు దాటిన ఖర్చు నగదుగా ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఒప్పుకోరు. కానీ పండించిన రైతుకు, చేపలూ రొయ్యలూ పెంచినవారికి నేరుగా ఇస్తే ఆ నిబంధనకు మినహాయింపు ఉంది. రైతు మేలు కోసం పెట్టిన ఆ మినహాయింపే లేని కొనుగోళ్లు రాసుకోవడానికి కూడా పనికొస్తుంది. కాబట్టి ఒకే ప్రశ్న అడగండి: సరుకు కొనేది, కాటా వేసేది, డబ్బిచ్చేది, పుస్తకంలో రాసేది ఎంతమంది? నాలుగు పనులూ ఒకరి చేతిలోనో, ఒకే ఇంట్లోనో ఉంటే ఆ మనిషి ఎంత మంచివాడన్నది మీకు అనవసరం.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచరును. ఒక మేత కంపెనీలో కొన్ని షేర్లున్నాయి. ఏటా లాభం పెరుగుతోందంటారు, డివిడెండ్ మాత్రం రాదు. వార్షిక నివేదికలో ముందు ఏ పేజీ చూడాలి? (పాలకొల్లు)

లాభనష్టాల పేజీని ఆఖరున చూడండి, ముందు నగదు ప్రవాహ పట్టిక తీయండి. అందులో "కార్యకలాపాల నుంచి వచ్చిన నికర నగదు" అనే అంకెను ఐదేళ్లది కూడండి. అదే ఐదేళ్ల నికర లాభాన్నీ కూడి పక్కన పెట్టండి. ఒక ఏడాది తేడా రావడం మామూలే. ఐదేళ్ల మొత్తంలో లాభం 40 కోట్లుండి, చేతికొచ్చిన నగదు 5 కోట్లే అయితే మిగతా 35 కోట్లు ఎక్కడున్నాయో బ్యాలెన్స్ షీటు చెప్పాలి. సాధారణంగా అవి బాకీల్లోనో, సరుకు నిల్వలోనో ఉంటాయి.

తర్వాత బాకీలు చూడండి. నిరుడు అమ్మకాలు 100 కోట్లు, రావాల్సిన బాకీలు 20 కోట్లు అనుకుందాం. అంటే 73 రోజుల అరువు. ఈ ఏడాది అమ్మకాలు 130 కోట్లు, బాకీలు 45 కోట్లు అయితే అరువు 126 రోజులకు పోయింది. అమ్మకాల్లో బాకీల వాటా 1.73 రెట్లయింది. మెస్సోడ్ బెనిష్ అనే అకౌంటింగ్ ప్రొఫెసర్ 1999లో వెలువరించిన పరిశీలనలో లెక్కలు మార్చిన కంపెనీల్లో ఈ నిష్పత్తి సగటున 1.46 దాకా ఉంది. మార్చని కంపెనీల్లో 1.03 మాత్రమే. మీది మేత కంపెనీ కనుక ఇంకో కొలత ఉంది. వనామీ రొయ్య పంట మూడు, నాలుగు నెలల్లో చేతికొస్తుంది. మేత అరువు ఆ గడువులో తిరిగి రావాలి. ఆరు నెలల అరువుకు పంట కారణం చెప్పలేరు. వైరస్ తగిలి చెరువులు ఎత్తేసిన ఏడాది బాకీలు నిజంగానే నిలిచిపోతాయి. అలాంటప్పుడు రానిబాకీల కింద కొంత కేటాయింపు కనబడాలి. బాకీలు పెరిగి, కేటాయింపు పెరగకపోతే అనుమానించండి.

ఇక బ్యాంకులో నగదు బోలెడుందని చూపే కంపెనీ. ఇక్కడే మనవాళ్లు మోసపోయారు. భీమవరం ప్రాంతంలో మూలాలున్న కుటుంబం నడిపిన సత్యం కంప్యూటర్స్‌లో 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, 2008 సెప్టెంబరు ఆఖరుకు పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవు. దాని మీద వచ్చినట్టు రాసిన 376 కోట్ల వడ్డీ కూడా లేదు. ఆ త్రైమాసికంలో నిర్వహణ లాభం 649 కోట్లని చూపారు, నిజానికి 61 కోట్లు. కాబట్టి నగదు అంకెనూ పరీక్ష పెట్టాలి. ఏడాది మొదట, చివర డిపాజిట్ల సగటు 50 కోట్లుంటే, వచ్చిన వడ్డీ ఆ ఏడాది బ్యాంకు రేటుకు దగ్గరగా ఉండాలి. వడ్డీ కోటి రూపాయలే అయితే రేటు 2 శాతం. ఆ డబ్బు మార్చి ఆఖరుకు మాత్రమే వచ్చి వెళుతుండాలి, లేదా అసలు లేకపోవాలి. డిపాజిట్లు అంత ఉండి కూడా ఎక్కువ వడ్డీకి అప్పు తెస్తుంటే అదీ అడగాల్సిన ప్రశ్నే.

మీ కంపెనీ స్టాక్ మార్కెట్లో లేకపోయినా కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటులో వంద రూపాయలు కడితే దాని బ్యాలెన్స్ షీటు, తాకట్టుల రిజిస్టరు, ఆడిటర్ల మార్పు పత్రాలు చూడనిస్తారు. ఆడిటరు గడువు మధ్యలో రాజీనామా చేసి ఉంటే ఆ పత్రంలో రాసిన కారణం చదవండి. "పని ఒత్తిడి" అని ఉంటే దాన్ని కారణంగా లెక్కపెట్టకండి.

ప్రశ్న: రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో అకౌంటెంటును. మార్చి ఆఖరు స్టాకు రెండు కోట్లు పెంచి రాయమంటున్నారు. "బ్యాంకు కోసమే, ఎవరికీ నష్టం లేదు" అంటున్నారు. రేపు ఇది నా మెడకు చుట్టుకుంటుందా? (భీమవరం)

చుట్టుకుంటుంది. ఎందుకో అంకెల్లో చూడండి. స్టాకు 12 కోట్లు, దాని మీద సప్లయర్లకు ఇవ్వాల్సింది 3 కోట్లు, మిగిలింది 9 కోట్లు. బ్యాంకు 25 శాతం మార్జిన్ తీస్తే 6.75 కోట్లు. తొంభై రోజుల్లోపు బాకీలు 4 కోట్ల మీద అదే మార్జిన్ తీస్తే 3 కోట్లు. డ్రాయింగ్ పవర్, అంటే బ్యాంకు నుంచి వాడుకోగలిగిన అప్పు, 9.75 కోట్లు. స్టాకు 14 కోట్లని రాస్తే అది 11.25 కోట్లవుతుంది. అంటే లేని సరుకు మీద కోటిన్నర అప్పు తీసుకున్నట్టే. నష్టం లేదన్న మాట బ్యాంకు దగ్గర చెల్లదు.

అంతటితో ఆగదు. ముగింపు నిల్వ రెండు కోట్లు పెరిగితే అమ్మిన సరుకు ఖర్చు రెండు కోట్లు తగ్గి, లాభం అంతే పెరుగుతుంది. ఆ ముగింపు నిల్వే వచ్చే ఏడాది ప్రారంభ నిల్వ. దాంతో వచ్చే ఏడాది లాభంలో రెండు కోట్లు కోత పడుతుంది. ఆ కోతను పూడ్చడానికే మళ్లీ రెండు కోట్లు ఎక్కువ రాయాలి. పైగా ఈసారి కూడా నిజం కన్నా రెండు కోట్లు ఎక్కువ లాభం చూపాలంటే నాలుగు కోట్లు రాయాలి, ఆ తర్వాతి ఏడాది ఆరు కోట్లు. "ఈ ఒక్కసారికే" అన్నది లెక్క ప్రకారమే అబద్ధం. నాలుగో ఏటికి కోల్డ్ స్టోరేజీలో పట్టనంత రొయ్య పుస్తకాల్లో ఉంటుంది.

కాగితాలు ఎక్కడ తగులుకుంటాయంటే: కరెంట్ ఆస్తుల మీద, అంటే స్టాకు, బాకీల లాంటి వాటి మీద, బ్యాంకు నుంచి 5 కోట్లకు మించిన లిమిట్ ఉన్న కంపెనీల విషయంలో, బ్యాంకుకు ఇచ్చిన త్రైమాసిక స్టేట్‌మెంట్లు పుస్తకాలతో సరిపోయాయో లేదో కారో 2020 కింద, అంటే ఆడిటరు నివేదికలో ఏమేం రాయాలో చెప్పే ప్రభుత్వ ఉత్తర్వు కింద, ఆడిటరు రాసి తీరాలి. బ్యాంకుకు ఒకటి, పుస్తకంలో ఒకటి పెడితే అక్కడ బయటపడుతుంది. రెండింట్లోనూ ఒకటే అబద్ధం పెడితే నగదులో, తరవాతి అమ్మకాల్లో తేలుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరులో ఎడిట్ లాగ్ ఉండాలి, ఆపే వీలు ఉండకూడదు. ఎవరి లాగిన్‌తో ఏ రోజు ఏ అంకె మారిందో అందులో ఉంటుంది. ఆ లాగిన్ మీది.

చట్టం సంగతి. కంపెనీల చట్టం సెక్షన్ 447 కింద మోసానికి ఆరు నెలల నుంచి పదేళ్ల దాకా జైలు. జరిమానా మోసం మొత్తానికి తగ్గకుండా, మూడు రెట్ల దాకా ఉంటుంది. మోసగించే ఉద్దేశం ఉంటే చాలు, చివరికి ఎవరికైనా లాభనష్టాలు కలిగాయా లేదా అన్నది ఆ సెక్షన్ చూడదు. మీది కంపెనీ కాక భాగస్వామ్య సంస్థ అయితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 344 ఉంది, ఏడేళ్ల దాకా శిక్ష. లెక్కల పుస్తకాలు మోసపు ఉద్దేశంతో మార్చినవారిని చెప్పేటప్పుడు ఆ సెక్షన్ మొదట పేర్కొనేది గుమస్తానే.

ఏం చేయాలి? ఆ ఎంట్రీ మీ చేత్తో వేయకండి. "కోల్డ్ స్టోరేజీ ఫిజికల్ లిస్టు ఇంత వచ్చింది, ఇదే పుస్తకంలో పెడుతున్నాను, వేరే అంకె కావాలంటే ఆధారం పంపండి" అని మెయిల్ రాయండి. గొడవ పెట్టుకోకుండానే మీ మాట తేదీతో సహా నిలుస్తుంది. బ్యాంకులు, ఆర్థిక సంస్థల నుంచి 50 కోట్లకు మించి అప్పున్న కంపెనీకి ఫిర్యాదు విధానం, అంటే విజిల్ మెకానిజం తప్పనిసరి. ఉంటే దాన్ని వాడండి. లేకపోతే ఆడిటరు అడిగినప్పుడు ఉన్నది చెప్పండి. ఇప్పటికే ఒకసారి వేసి ఉంటే ఇంకొకటి వేయకముందే వకీలును కలవండి. కంపెనీ పత్రాలు పెన్‌డ్రైవ్‌లో ఇంటికి మోసుకుపోవడం మాత్రం వద్దు, అది ఇంకో కేసు.

ప్రశ్న: సీఏ ఆర్టికల్స్ చేస్తున్నాను. మార్చి 31న ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీకి, ఒక రైస్ మిల్లుకు స్టాకు చూడటానికి పంపుతారు. లెక్కపెట్టడం ఎలా? (మండపేట)

కోల్డ్ స్టోరేజీలో అంకె కన్నా సైజు ముఖ్యం. కార్టన్లు సరిగ్గా లెక్కకొస్తాయి, లోపల ఉన్న రొయ్యే వేరుగా ఉంటుంది. చిన్న రొయ్యను పెద్ద సైజు కింద రాస్తే కిలోకు వంద రూపాయల తేడా అనుకుందాం. 200 టన్నులకు రెండు కోట్లు. కార్టను ఒక్కటి కూడా పెరగకుండానే!

ఇందుకు మంచి తనిఖీ ఒకటి ఉంది. చెరువు గట్టున కౌంటు అంటే తలతో ఉన్న రొయ్యలు కిలోకు ఎన్ని అని. తల తీసి ప్యాక్ చేసిన సరుకు మీద ఉండే 21/25, 36/40 లాంటివి పౌనుకు ఎన్ని అని. తల తీస్తే బరువులో మూడో వంతు పైగా పోతుంది. ఆ లెక్కన 30 కౌంటు రొయ్య సుమారు 21/25 అవుతుంది. 50 కౌంటు 31/35కీ 36/40కీ మధ్య పడుతుంది. కొనుగోలు బిల్లుల్లో ఎక్కువ భాగం 50, 60 కౌంటు ఉండి, నిల్వలో ఎక్కువ భాగం 21/25 ఉంటే అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పమనండి.

లోపలికి వెళ్లేటప్పుడు జాబితా మీ చేతిలో ఉండాలి, ప్లాంటు మనిషి చేతిలో కాదు. జాబితాలోంచి కొన్ని లాట్లు ఎంచి నేల మీద వెతకండి, నేల మీద ఉన్న కొన్నింటిని జాబితాలో వెతకండి. రెండో పని చేయకపోతే పక్క కంపెనీ దాచుకున్న సరుకు మన లెక్కలో కలిసిపోయినా తెలియదు. ప్యాలెట్ ముందు వరసతో సరిపెట్టుకోవద్దు, మధ్యలోంచి కార్టన్ తీయించండి. తెరిచి, పైనున్న మంచు పొర, అదే గ్లేజింగ్, కరిగించి నీళ్లు ఓడ్చాక తూచండి, రొయ్యలు ఎంచండి. మైనస్ 18 డిగ్రీల గదిలో ఎక్కువసేపు ఉండలేరు. తొందర పెట్టడానికి అదే అదను కనుక ఎంచిన కార్టన్లను బయటి గదికి తెప్పించుకోండి. లెక్క నడుస్తున్నంతసేపూ సరుకు లోపలికీ బయటికీ కదలకుండా ఆపించండి. ఏప్రిల్, మే షిప్పింగ్ బిల్లులు తర్వాత తెప్పించుకోండి. మార్చి 31న 40 టన్నులున్న సైజు జూన్ దాకా ఒక్క కంటైనరులోనూ వెళ్లకపోతే ధర తగ్గించి కట్టాలి, లేదా అది అసలు లేదు.

రైస్ మిల్లులో నెట్టు, అంటే పేర్చిన బస్తాల గుట్ట, ఎక్కి చూడండి. చుట్టూ బస్తాలు పేర్చి మధ్య గుల్లగా వదిలేయడం పాత పద్ధతే. పొడవు, వెడల్పు, ఎత్తుల్లో బస్తాలు ఎంచి గుణిస్తే గుల్ల కూడా నిండినట్టే వస్తుంది. తేదీ కూడా గుర్తుపెట్టుకోండి. దాళ్వా (రబీ) కోతలు మన దగ్గర ఏప్రిల్లో ఊపందుకుంటాయి. మార్చి 31న మిల్లులో ఉన్న ధాన్యంలో ఎక్కువ సార్వా (ఖరీఫ్) పంటదే అయి ఉండాలి, పాతబడి ఆరి ఉండాలి. ఆ రోజు కొత్త దాళ్వా ధాన్యం గుట్టలుగా కనబడితే అది ఎవరిదో, బిల్లు ఏ తేదీదో చూడండి.

మిల్లు లెక్కలో తవుడు, ఊక కూడా సాక్ష్యాలే. ప్రభుత్వానికి మరపట్టే పచ్చి బియ్యానికి క్వింటాలు ధాన్యానికి 67 కిలోలు ఇవ్వాలన్నది నిబంధన. ధాన్యం ఆడినంత లెక్కన తవుడు అమ్మకం, కరెంటు యూనిట్లు నడవాలి. నెలనెలా యూనిట్లను ఆడిన క్వింటాళ్లతో భాగించి ఒక వరసలో రాయండి. ఏ నెలలో యూనిట్లు కదలకుండా క్వింటాళ్లు మాత్రం ఎగిరాయో ఆ నెల కొనుగోళ్లు, కాటా చీటీలు ముందు పెట్టుకోండి.

ప్రశ్న: మేత డీలరును. మార్చి ఆఖరి వారం అడక్కుండానే 30 టన్నులు దింపి, "బిల్లు ఉండనివ్వండి, ఏప్రిల్లో వాపసు తీసుకుంటాం" అన్నారు. నాకేం పోయింది? (అమలాపురం)

వాళ్ల అమ్మకాల టార్గెట్ మీ గొడౌనులో పూర్తయింది. తిరిగి తీసుకుంటామన్న ఒప్పందం ఉన్నప్పుడు దాన్ని ఆ ఏడాది అమ్మకంగా రాసుకోవడానికి అకౌంటింగ్ ప్రమాణాలు ఒప్పుకోవు. మీకు పోయేది రెండు చోట్ల. ఒకటి, మీ పుస్తకాల్లో 30 టన్నుల అప్పు నిలిచింది. ఏప్రిల్లో వాళ్లు మీ బాకీ తగ్గిస్తూ క్రెడిట్ నోట్ ఇవ్వకపోతే ఆ మేతా మీదే, బూజు పట్టినా మీదే. రెండు, వాళ్ల ఆడిటరు నుంచి మీకు బాకీ నిర్ధారణ లేఖ వస్తుంది. "ఇంత ఇవ్వాలి, నిజమే" అని ఊరికే సంతకం పెడితే ఆ అబద్ధంలో మీ సంతకం ఉంటుంది. 25 కిలోల సంచులు 1,200 ఆర్డరు లేకుండా వచ్చాయనీ, వాపసు మాట ఉందనీ ఆ లేఖ మీదే రాసి నేరుగా ఆడిటరుకు పంపండి, కంపెనీ సేల్స్‌మన్ చేతికివ్వకండి.

ప్రశ్న: మావారి కంపెనీలో నేను పేరుకే డైరెక్టరును. సంతకాలు పెడతానంతే. సరుకంతా మా తమ్ముడి సంస్థ ద్వారానే అమ్ముతున్నారు. మార్కెట్ రేటేనంటున్నారు. తప్పేమైనా ఉందా? (నరసాపురం)

పేరుకు డైరెక్టరు అన్నది చట్టంలో లేదు. లెక్కలు నిజమైన స్థితి చూపుతున్నాయని, మోసం పట్టుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకున్నామని బోర్డు నివేదికలో ప్రకటన ఉంటుంది. దాని బాధ్యత బోర్డులో ఉన్న మీది కూడా. అమ్మకం మీ తమ్ముడికి కనుక, మీరు డైరెక్టరు కనుక, అది సంబంధిత పక్షం లావాదేవీయే, అంటే సొంతవాళ్లతో చేసిన వ్యాపారమే. లెక్కలకు జతచేసే నోట్స్‌లో చూపాలి.

చదివే మిగతా పాఠకులకు ఒక మాట. కంపెనీల చట్టం చెప్పే బంధువుల జాబితాలో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అవిభక్త కుటుంబ సభ్యులు ఉన్నారు. బావమరిది లేడు, వియ్యంకుడు లేడు. ఈ లేఖలోని ఆవిడ డైరెక్టరు కాకపోయి ఉంటే అదే తమ్ముడి సంస్థ ఆయనకు బావమరిది సంస్థ అయ్యేది, ఆ జాబితా దాటిపోయేది. మన వైపు వ్యాపారం నడిచేదే వియ్యంకుళ్లతో. నోట్స్‌లో పేరు లేదని పక్షం సంబంధం లేనిదని అనుకోకండి. ఒకే పెద్ద కొనుగోలుదారు ఉన్న చోట ఆ సంస్థ డైరెక్టర్ల పేర్లు, చిరునామా చూడండి.

ప్రశ్న: ఆడిటరు క్లీన్ రిపోర్ట్ ఇచ్చాక ఇక భయమెందుకు? (కాకినాడ)

ఆడిటరు ఇచ్చేది సహేతుకమైన హామీ, గ్యారంటీ కాదు. పైవాళ్లే కలిసి కాగితాలు తయారుచేస్తే మామూలు తనిఖీలో దొరకకపోవచ్చని ఎస్ఏ 240 కూడా ఒప్పుకుంటుంది. అలాగని ఆడిటరు తప్పించుకోలేడు. సత్యంలో బ్యాంకు ధ్రువీకరణలు పంపి తెచ్చుకునే పనిని ఆడిట్ సంస్థలు తమ చేతిలో ఉంచుకోలేదని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ తేల్చింది. 2011లో 60 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఇక్కడ కంపెనీ ఉద్యోగులో, అధికారులో చేసిన కోటి రూపాయలు, ఆపై మోసం ఆడిటరు కంటపడితే రెండు రోజుల్లో బోర్డుకో, ఆడిట్ కమిటీకో చెప్పి 45 రోజుల్లో జవాబు కోరాలి. జవాబొచ్చాక 15 రోజుల్లో కేంద్ర ప్రభుత్వానికి పంపాలి.

ప్రశ్న: నలభై మందితో నడిచే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ మాది. ఆడిట్ కమిటీ పెట్టే స్థోమత లేదు. ఇద్దరు అకౌంటెంట్లు. ఏం చేయగలం? (తణుకు)

డబ్బు ఖర్చు కాని పనులు చాలా ఉన్నాయి. బ్యాంకు స్టేట్‌మెంట్ అకౌంటెంటుకు వెళ్లకముందు మీ మెయిలుకు రావాలి. సప్లయరు బ్యాంకు ఖాతా నంబరు మార్చే అధికారం డబ్బు పంపే మనిషికి ఉండకూడదు. రైతుకు చెల్లింపు ఎంత చిన్నదైనా ఖాతాకే పంపండి, కాటా చీటీ ఫొటో బిల్లుకు జతచేయండి. నగదు కొనుగోలు తప్పనప్పుడు వారంలో ఒకటి, రెండు చీటీలు తీసి ఆ రైతుకు మీరే ఫోన్ చేయండి. ఏటా ఒకసారి అకౌంటెంటుకు పది రోజులు ఒకేసారి సెలవిచ్చి, ఆ పది రోజులూ రెండో మనిషితో పుస్తకాలు నడిపించండి. బాకీలు ఒకరి ఖాతాలోంచి ఇంకొకరి ఖాతాలోకి తిప్పుతూ దాచే పద్ధతి రోజూ మనిషి ఉంటేనే నడుస్తుంది.

నెల ముగిసిన పదో తేదీకి ఆ నెలను సాఫ్ట్‌వేరులో లాక్ చేయించండి. ఆ తర్వాత వేసే జర్నల్ ఎంట్రీలను వేరే జాబితాగా తీసి చదవండి. బిల్లు లేకుండా వేసినవి, గుండ్రటి అంకెలవి, ఆదివారాలు, రాత్రిళ్లు వేసినవి, "సర్దుబాటు" అని మాత్రమే వివరణ ఉన్నవి ముందు చూడండి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇద్దరు అకౌంటెంట్లకూ ఉమ్మడిగా ఉంటే ఈ రోజే విడదీయండి. లేకపోతే ఎడిట్ లాగ్‌లో పేరు కనబడుతుంది గానీ వేలు ఎవరిదో తేలదు. ఇవన్నీ మీకూ వర్తించాలి. మీరు ఫోన్‌లో చెప్పగానే ఆధారం లేకుండా ఎంట్రీ వేసే అకౌంటెంటును మీరే తయారుచేసుకుంటే, రేపు అదే పని ఇంకొకరు చెప్పినా చేస్తాడు.